పొయ్యి బూడిదలో పాదం

ఏప్రిల్ ఆఖరి రోజున గిల్‌రెయిన్ వాళ్ళింట్లో ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. పొద్దు వాలేలోగా ఊటబావి నుంచి మర్నాటిక్కూడా సరిపడా నీళ్ళు తెచ్చుకోవాలి. ఆవు తోకకి కీడు తగలకుండా రోవన్ చెట్టు రెమ్మ కట్టాలి. గుమ్మం ముందు పసుపుపచ్చ అడవిపూలు చల్లాలి. తెల్లారితే మే మొదటి రోజు. ఆ రోజు ఇంట్లోంచి నిప్పుగానీ, ఉప్పుగానీ, పాలచుక్కగానీ బయటికి పోయిందంటే ఆ ఏటి అదృష్టమంతా దాని వెంటే పోతుంది. డ్రమ్‌కారా కొండ కింద ప్రతి గుమ్మంలోనూ ఇదే హడావుడి.

డీలియా పూలు చల్లుతోంది. ఆమె అత్త సబీనా పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని బూడిద జల్లెడ పడుతోంది.

"అంత దట్టంగా పోస్తావేంటే? గొర్రెలకి పక్క వేస్తున్నావా?" అంది సబీనా తలెత్తకుండానే.

"చాలవేమోనని అత్తా."

"చాలక కాదులే, భయం. భయపడే చేతికి కొలత తెలీదు."

సబీనా మాటలన్నీ ఇంతే. డీలియా ఈ ఇంటికి కోడలుగా వచ్చి రెండో వసంతం నడుస్తోంది. ఇంతవరకూ ముసలావిడ నోట మెచ్చుకోలు మాట ఒక్కటి రాలేదు. రొట్టె బాగా పొంగితే "పిండి మంచిది" అనేది. వెన్న బాగా పడితే "ఆవు మంచిది" అనేది.

రాత్రి నిప్పు ఆర్పేశాక ఆ జల్లించిన బూడిదని పొయ్యి గట్టు మీద పల్చగా పరిచి, బాతు ఈకతో సాపు చేసి పడుకుంటారు. ఆ ఇంటికి ఏమీ రాసిపెట్టి లేకపోతే తెల్లారేసరికి బూడిద బూడిదలాగే ఉంటుంది. రాసిపెట్టి ఉంటే పాదం పడుతుంది. లోపలికి తిరిగిన పాదమైతే ఇంటికి ఎవరో వస్తారు, కోడలో, పసిబిడ్డో. గుమ్మం వైపు తిరిగిందైతే ఆ పాదం ఎవరిదో వాళ్ళు మళ్ళీ మే నెల వచ్చేలోపు పోతారు. కిల్‌గాలన్ వాళ్ళింట్లో సన్నటి ఆడపాదం లోపలికి పడితే, పిల్ల ఎవరో తెలియకముందే వాళ్ళు పెళ్ళివిందుకని పందిని మేపడం మొదలుపెట్టారు. డీలియా మొగుడు థాడీకి మొదటి పెళ్ళాం హానా. ఆమె పాదం బయటికి తిరిగి పడింది. హానా ఏడవలేదు, గోల చెయ్యలేదు. ఆ వేసవంతా కిటికీ దగ్గర కూర్చుని కూతురు టెస్సీకి ముందు ముందు పట్టే గౌన్లు కుట్టింది, ఒకదానికంటే ఒకటి కాస్త పొడుగ్గా. మొదటి మంచు కురిసేనాటికి పోయింది. డీలియా వచ్చేసరికి పెట్టె నిండా ఆ గౌన్లే. ఆమె కుట్టడానికి ఏమీ మిగల్లేదు.

దువ్వడానికి మాత్రం మిగిలింది. అదీ సాగేది కాదు.

"ఇలా రా తల్లీ, రేపు పండగ గదా, చిక్కు తీస్తాను," అంది ఆ సాయంత్రం దువ్వెన పట్టుకుని.

టెస్సీ బల్ల అవతలికి జరిగింది. ఆరేళ్ళ పిల్ల, మొండిఘటం. "నువ్వు ముట్టుకోకు. మా అమ్మ దువ్వితేనే నొప్పి పుట్టదు."

"అమ్మ లేదు గదమ్మా."

"తెలుసు. అందుకే చిక్కు పడనీ."

థాడీ తలుపు దగ్గర బూట్లు విప్పుతూ విన్నాడు. మంచివాడే, కానీ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాట పడితే గొర్రెల్ని లెక్కపెట్టే పని గుర్తొచ్చే రకం. మళ్ళీ బూట్లు తొడుక్కుని బయటికి పోయాడు.

మే ఉదయం పాలు సూర్యుడి కంటే ముందే పిండుకోవాలి. డీలియా అందరికంటే ముందు లేచింది. కిటికీలోంచి పల్చటి వెలుతురు పొయ్యి గట్టు మీద పడుతోంది. చెంబు అందుకోబోతూ చూసింది.

బూడిదలో పాదం ఉంది. చెప్పుల్లేని కాలు, అరచెయ్యంత. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. కిందటేడు గేటు కింద పడి నలిగిన టెస్సీ వేలు అది. వేళ్ళు గుమ్మం వైపు ఉన్నాయి.

డీలియా చెంబు ఎప్పుడు కింద పెట్టిందో తెలీదు. మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. 'సవతి తల్లి చేతిలో పోయిందంటారు,' అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పాదాన్ని చెరపడానికి లేదు. చెరిపితే ఒకరు కాదు, ఇల్లే ఖాళీ అవుతుందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. లోపలి గదిలో టెస్సీ నిద్రలో ఏదో గొణిగి అటు తిరిగి పడుకుంది. పక్కమీద గడ్డి గరగరలాడింది.

ఆ చప్పుడుకి డీలియా కుడి కాలి మేజోడు లాగేసింది. పిల్ల మడమ మీద తన మడమ, పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు వచ్చేలా గుమ్మం వైపే మొహం పెట్టి కాలు మోపింది. నిప్పు ఆరి రాత్రంతా అయినా బూడిద వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే కాలు తీసినట్టు. ఒళ్ళంతా బరువేసి నొక్కి, కాలు తీసి, కిందికి చూడకుండా చెంబు పట్టుకుని పశువుల కొట్టంలోకి పోయింది. ఆవు డొక్కకి నుదురు ఆనించి పితికింది. పాలు చెంబులో కంటే గడ్డిమీదే ఎక్కువ పడ్డాయి.

తిరిగొచ్చేసరికి సబీనా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. థాడీ టోపీ చేతుల్లో నలుపుతూ ఆమె పక్కన ఉన్నాడు. బూడిదలో ఆడమనిషి పాదం. తను వేసినదానికంటే వెడల్పుగా అనిపించింది డీలియాకి. భయానికి కళ్ళు చెదిరాయనుకుంది.

"ఎవరిది?" అన్నాడు థాడీ.

"నాదే," అంది డీలియా.

సబీనా ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో డీలియాకి అంతుపట్టలేదు. "చూడాల్సినవాళ్ళు చూశారు," అంది ముసలావిడ. వంటచెరుకుగా ఎండేసిన పీట్ మట్టిగడ్డలు ఆ పాదం మీద పేర్చి, ఆ రోజు మొదటి పొగ తమది కాకూడదని పక్కింటి చిమ్నీలోంచి పొగ లేచేదాకా ఆగి, నిప్పు పెట్టింది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. మొదట వచ్చింది పక్కింటి బీజీ మక్‌గోవన్. ఆ రోజు ఎవరింట్లోంచీ ఏమీ అడగకూడదు కనక ఖాళీ చేతులు అందరికీ కనబడేలా చాపుకుంటూ వచ్చింది.

"దేవుడు మనకీ కీడుకీ నడుమ నిలబడాలి," అంది కూర్చుంటూ. "నీదేనటగా వదినా?"

"నాదే."

"ఎంత చిన్న వయసు! అయినా కాస్త ఒంటి మీద కండ ఉన్నప్పుడే పోవడం మంచిదిలే. శవం చూడముచ్చటగా ఉంటుంది." డీలియా మొహం చూసి నాలిక కరుచుకుంది. గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకపోతే ఒక్కమాట. మా ఆయన మార్టిన్ అక్కడ కనిపిస్తే, ఆ నల్లావుకి పెయ్యదూడే పుట్టిందని చెప్పు. ఆంబోతు దూడని పందెం కాశాడు పోయేముందు."

ఆ తర్వాత చాలామంది వచ్చారు. చెరువులో పడి పోయిన కొడుక్కి అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చెప్పమంది ఒకామె. తండ్రితో దెబ్బలాడి మాటలు మానేసిన ముసలి బ్రహ్మచారి ఒకాయన గుమ్మంలోనే నిలబడి, ఏం చెప్పాలో తేల్చుకోలేక వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం వచ్చి, "నాకు కోపం లేదని చెప్పమ్మా," అన్నాడు. డీలియా అందరికీ తలూపింది. తల ఊపిన ప్రతిసారీ తన కాలు ఇంకొంచెం మట్టిలోకి దిగినట్టనిపించేది.

చావుకి భయపడటం అందరికీ తెలిసిందే. డీలియా భయం రెండు కొసలా కాలే కట్టె. గుండె ఒక్కసారి దడదడలాడితే 'ఇదే కాబోలు' అని గోడ పట్టుకునేది. గుండె బాగానే ఉంటే ఇంకా భయం. 'నేను బాగానే ఉన్నానంటే నా పాదం పనిచెయ్యలేదేమో! కింద ఉన్న పాదాన్నే లెక్కలోకి తీసుకున్నారేమో!' టెస్సీ దగ్గితే చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. పిల్ల బావి గట్టు ఎక్కితే అరిచేది. చేలో నలుపు తెలుపుల మాగ్‌పై పిట్ట ఒక్కటే కనబడితే కీడంటారు గనక, దాని జత ఎక్కడుందా అని ఆకాశమంతా వెతికేది. జూన్‌లో కోడిపెట్ట పుంజులా కూసింది. సబీనా దాని మెడ విరిచి కూర వండింది. అందరూ తిన్నారు. డీలియాకి ముద్ద దిగలేదు.

థాడీ ఆమెని నీళ్ళు మొయ్యనిచ్చేవాడు కాదు. చర్చికి వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకునేవాడు, పెళ్ళైన కొత్తలో కూడా పట్టుకోనివాడు. ఆమె ముందు వచ్చే ఏడు మాట ఎత్తేవాడు కాదు. పొరపాటున "ఈసారి కాకపోతే మళ్ళీ..." అని నోరు జారితే మధ్యలోనే ఆగిపోయి కిటికీలోంచి చూసేవాడు.

టెస్సీ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. వేసవి చివర్లో ఓ మధ్యాహ్నం డీలియా గుమ్మంలో కూర్చుని దుంపలు గీస్తుంటే, పిల్ల వెనకనుంచి వచ్చి దువ్వెన ఒళ్ళో పడేసింది.

"నువ్వు మా అమ్మ దగ్గరికి పోతున్నావటగా?"

"అవును తల్లీ."

"అయితే జుట్టు దువ్వు. ఎంత పొడుగు పెరిగిందో నీకు తెలియాలి. లేకపోతే ఏమని చెబుతావ్?"

డీలియా దుంపల బుట్ట పక్కన పెట్టి దువ్వింది. చిక్కు తీస్తుంటే పిల్ల పళ్ళు బిగబట్టింది గానీ అరవలేదు. జడ నడుం దాకా వచ్చింది. "ఇక్కడిదాకా అని చెప్పు," అంది టెస్సీ చేత్తో చూపించి. జడ కొస వేలికి చుట్టుకుంటూ, "నొప్పి పుట్టలేదని కూడా చెప్పు. కొంచెం పుట్టిందనుకో, అది చెప్పకు," అంది.

ఆ రోజు నుంచి రోజూ దువ్వించుకునేది. పిల్ల తల తన మోకాళ్ళకి ఆనినప్పుడల్లా డీలియాకి భయం ఇంకా పెరిగేది. ఇంతకుముందు బెంగ మాత్రమే ఉండేది. ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఏదో చేతికొచ్చింది.

దుంపలు తవ్వే రోజుల్లో లోయలోకి గొంతుజబ్బు వచ్చింది. ముందు బడి దగ్గర ఇద్దరు పిల్లలు. తర్వాత కిల్‌గాలన్ వాళ్ళ చంటిది. ఒక ఉదయం, ఇంట్లోకి వస్తే వెంటే చావు వస్తుందనే ఎర్రరొమ్ము పిట్ట తెరిచిన తలుపులోంచి ఇంట్లోకి వచ్చి, బల్ల మీద వాలి, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, తిన్నగా లోపలి గదిలోకి పోయింది. డీలియా దాన్ని తరమడానికి తువ్వాలు విసురుతూ వెళ్ళేసరికి టెస్సీ మంచం మీద కూర్చుని ఉంది.

"గొంతులో ముల్లుంది," అంది పిల్ల.

డాక్టరు సైకిలు మీద వచ్చాడు. గొంతులోకి చూసి, మందు పూసి, బయటికొచ్చాక థాడీతో, "మా చేతిలో ఉన్నది చేశాను. ఇవాళ గడిస్తే బతుకుతుంది," అన్నాడు. థాడీ ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకుని వదలకుండా నిలబడిపోయాడు. చివరికి ఫాదర్‌ని తీసుకురావడానికి కాలినడకన బయల్దేరాడు.

గదిలో ఇద్దరు ఆడవాళ్ళే మిగిలారు, మంచానికి చెరోపక్క. టెస్సీ ఊపిరి తీస్తుంటే పచ్చికట్టె కోస్తున్నట్టు చప్పుడు. పెదాలు నీలం తిరుగుతున్నాయి. డీలియాకి అంతా అర్థమైపోయింది. మోసం పట్టుబడింది. మే ఉదయం నుంచీ మోస్తున్నదంతా ఉత్తదే. తను ఎవరికీ అడ్డు నిలవలేదు.

"అత్తా," అంది. "నేనొక మాట చెప్పాలి. ఆ రోజు బూడిదలో..."

సబీనా మంచం మీదుగా వంగి ఆమె నోరు నొక్కేసింది. ముసలి చెయ్యి ఇనప పట్టకారులా ఉంది.

"నోరు మూసుకో పిల్లా. చెప్పిన మాట విప్పిన ముడి. అంతదాకా వచ్చి ఇప్పుడు విప్పుతావా?"

డీలియా ఆ అరచేతి వెనక నుంచి ఆమెకేసి చూసింది. సబీనాకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. కానీ ఆ కళ్ళలో ఉన్నది కోపం కాదు. డీలియా ఇన్నాళ్ళూ అద్దంలో చూసుకుంటున్న భయమే, అచ్చు అదే, ముసలి కళ్ళలో.

సబీనా చెయ్యి తీసేసింది. టెస్సీ నుదుటి మీది తడి జుట్టు వెనక్కి తోసింది. "జడ బాగా వేశావ్," అంది. అది డీలియా గురించి అన్న మాటే, పిల్ల జుట్టు గురించి కాదు. తర్వాత లేచి వంటగదిలోకి పోయింది. తెరిచిన తలుపులోంచి డీలియాకి కనబడుతూనే ఉంది. ముసలావిడ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పింది. మేజోళ్ళు తీసి, మడిచి బూట్లలో పెట్టింది. గడప పట్టుకుని లేచి నిలబడింది. ఎవరో బయట పిలుస్తుంటే, పోవడం ఇష్టం లేని మనిషిలా కాసేపు ఆగింది.

"అత్తా, వాన పడుతోంది! ఎక్కడికి?"

సబీనా వెనక్కి తిరగలేదు. తడిగడ్డిలోకి వట్టి కాళ్ళతో అడుగు పెట్టి, ఎగువ చేను వైపు నడిచింది. డీలియా లేవబోయింది. టెస్సీ వేళ్ళు ఆమె వేళ్ళని బిగించి పట్టుకున్నాయి. విడిపించుకోలేదు. విడిపించుకోవాలని గట్టిగా ప్రయత్నించలేదని కూడా ఆమెకి తెలుసు.

ఎంతసేపయిందో! పచ్చికట్టె కోత చప్పుడు ఆగింది. డీలియా పిల్ల మొహం మీదికి వంగింది. టెస్సీ దగ్గింది, ఏదో తెల్లటి పొరలాంటిది దుప్పటి మీద పడింది, పొడుగ్గా ఊపిరి తీసుకుంది.

"నీళ్ళు," అంది.

థాడీ, ఫాదర్ వస్తూ దారిలోనే సబీనాని చూశారు. ఎగువ చేలో ముళ్ళకంచె కింద, తీరిగ్గా కూర్చున్నట్టే ఉంది, పాదాలు ముందుకి చాపుకుని. అప్పటికే చల్లబడింది.

శవానికి స్నానం ఇంటివాళ్ళు చేయించకూడదు. బీజీ మక్‌గోవన్ ఇంకొకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. డీలియా వేణ్ణీళ్ళు కాచి తలుపు దాకా అందిస్తోంది. రెండో గిన్నె, మూడో గిన్నె. చివరికి బీజీ తలుపు సందులోంచి తల బయటపెట్టింది. ఎప్పుడూ ఎర్రగా ఉండే మొహం పిండిలా ఉంది.

"వదినా, ఒకసారి లోపలికి రా. కూడదని తెలుసు. అయినా రా."

సబీనా కుడి అరికాలు బూడిద రంగులో ఉంది.

"సబ్బు అరిగిపోయిందే! పోవట్లేదు," అంది బీజీ గుసగుసగా. "వానలో, తడిగడ్డి మీద అంతదూరం నడిచిన కాలు. దీనికి పొడి బూడిద ఎక్కడిది?"

డీలియా ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. వెడల్పాటి అరికాలి మధ్యలో సన్నటి పాదం గీత ఒకటి. దాని లోపల ఇంకొకటి, అరచెయ్యంత. ఆ చిన్నదాని చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. తను కొట్టంలో ఆవు డొక్కకి నుదురు ఆనించి ఉన్నప్పుడు పొయ్యి దగ్గర ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముసలావిడకీ తెలిసి ఉండదు, మూడు పాదాల్లో దేన్ని చదువుతారో. తెలియకే అన్ని నెలలూ కోడి మెడ విరుస్తూ, రొట్టె బాగుంటే పిండిని మెచ్చుకుంటూ, నోరు మూసుకుని గడిపింది.

"మేజోళ్ళు తొడిగెయ్యి బీజీ," అంది డీలియా. "పొయ్యి దగ్గర బతికిన మనిషి. బూడిద ఉండదా మరి!"

బీజీ ఆమెకేసి ఒకసారి, ఆ పాదం కేసి ఒకసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. ఊరంతటికీ చెప్పకుండా ఆమె దాచుకున్న సంగతి బహుశా అదొక్కటే.

పాతిపెట్టిన మర్నాడు వాన వెలిసింది. టెస్సీ దుప్పటి చుట్టుకుని పొయ్యి దగ్గర జావ తాగుతోంది. థాడీ గుమ్మంలో నిలబడి ఎగువ చేను వైపు చాలాసేపు చూశాడు. డీలియా చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"వచ్చే ఏడు ఆ మెరకలో ఏం వేద్దామంటావ్?" అన్నాడు థాడీ. అన్నాక, ఏమన్నాడో తనకే తెలిసి, ఆమె మొహం చూడటానికి భయపడ్డాడు.

డీలియా జవాబు చెప్పబోయింది. ఇన్నాళ్ళూ ఉన్నది మళ్ళీ మే వచ్చేలోపు అని గడువు తెలిసిన భయం. ఇప్పుడు ఏదీ తెలియదు. ఈ మగవాడు, లోపల జావ చప్పరిస్తున్న ఆ పిల్ల, తను, ఎవరు ముందో, ఎన్నాళ్ళకో. ఊళ్ళో అందరూ దీన్నే మోస్తూ నవ్వుతూ తిరుగుతున్నారు. ద్వారబంధం పట్టుకుంది.

"ఓట్స్ పంట వేద్దాం," అంది.